పీకని తీగ

మధ్యాహ్నం రెండూ ముప్పై అయిదుకి నా కంప్యూటరు ప్రపంచంతో మాట్లాడటం మానేసింది. నేను ఆ పని చాలా ఏళ్ల క్రితమే మానేశాను కాబట్టి, మామూలు రోజయితే ఇద్దరం హాయిగా ఉండేవాళ్లం. కానీ ఆ రోజు మూడు గంటలకి నాకు వైవా ఉంది.

నేను కాలేజీలో సైకాలజీ చెబుతాను. పదకొండేళ్లుగా ఒక పరిశోధన గ్రంథం రాస్తున్నాను. దాని పేరు ‘తెలిసీ చేయనివారు: వాయిదా వేసే మనసు మీద ఒక పరిశీలన’. వాయిదా మీద రాయడానికి పదకొండేళ్లు పట్టిందా అని అడిగిన ప్రతివాడూ ఆ జోకు తనకే మొదట తట్టిందనుకుంటాడు. అందరికీ నవ్వి చూపించాను. యూనివర్సిటీ మాత్రం నవ్వలేదు. రెండుసార్లు గడువు పెంచి, మూడోసారి ఉత్తరం పంపింది. వైవా వీడియోలో జరుగుతుంది. పది నిమిషాలు మించి ఆలస్యమైతే గైర్హాజరు కింద లెక్క. గైర్హాజరైతే రిజిస్ట్రేషన్ రద్దు. కంప్యూటరులోంచే రావాలి, ఫోనులో చేరితే చెల్లదు. ఉత్తరం చివర ‘శుభాకాంక్షలతో’ అని కూడా ఉంది.

అందుకని ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కింద మాత్రం లుంగీతోనే, కుర్చీలో కూర్చుని వాళ్లు పంపిన లింకు నొక్కాను. తెల్లటి పేజీ వచ్చింది. దాని మీద ఏమీ రాలేదు.

నా భార్య గుమ్మంలోంచి చూసింది. ఆవిడ రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. మనుషుల్ని చూడగానే ఎవరికి ఏం తక్కువో చెప్పేస్తుంది.

“మొహం అలా పెట్టారేంటి?”

“నెట్టు రావట్లేదు.”

“తమ్ముడికి ఫోన్ చెయ్యనా?”

“వద్దు. నేను చూసుకుంటాను.”

ఆవిడ అప్పటికే ఫోను చెవి దగ్గర పెట్టుకుంది.

మా బావమరిది గురించి ఒక్క మాట చెప్పాలి. నా కంప్యూటరులో విండోస్ తీసేసి లైనక్స్ ఎక్కించింది అతనే. నేను అడగలేదు. ఒక ఆదివారం భోజనానికి వచ్చి, “బావా, నువ్వింకా ఆ బానిస బతుకే బతుకుతున్నావా?” అని, నేను చెయ్యి కడుక్కుని వచ్చేలోపు విముక్తి కలిగించేశాడు. దొరికే రకాల్లో తేలికైనది కాకుండా, గుండీలూ బొమ్మలూ ఏమీ లేనిది, ప్రతిదీ టైపు చేసి అడగాల్సినది ఎంచుకున్నాడు. అందులో ఒక పని చేయించుకోవాలంటే, ముందు ఆ పనికి పేరేమిటో మనకి తెలిసుండాలి. మానసిక చికిత్సలోనూ ఇంతే. అయితే అక్కడ కనీసం పడుకోవడానికి సోఫా ఇస్తారు.

“బావా, ఏం కనిపిస్తోంది?” అన్నాడు స్పీకర్లో.

“తెల్ల పేజీ.”

“అది కాదు. టెర్మినల్ తెరిచావా?”

“తెరిచాను. నల్లగా ఉంది.”

“సరే. ముందు రూటరు పలుకుతోందో లేదో చూద్దాం. పింగ్ కొట్టు. పీ, ఐ, ఎన్, జీ.”

పింగ్ అంటే అవతలివాణ్ణి పలకరించి, ఊఁ కొడతాడో లేదో చూడటం. అంత సులువైన పని యంత్రాలకే సాధ్యం. రూటరు వెంటనే ఊఁ కొట్టింది, సెకనుకొకసారి, అడగ్గానే అన్నం పెట్టే తల్లిలా. దాని అవతల బయటి చిరునామాని పలకరిస్తే మాత్రం జవాబు లేదు.

“రూటరు దాకా బానే ఉంది. రూటరు బయటికి పోవట్లేదు,” అన్నాడు. “అక్కా, వైఫై పెట్టె మీద లైట్లు చూడు.”

“అన్నీ పచ్చగానే ఉన్నాయిరా. నా ఫోన్లో నెట్టు పరిగెడుతోంది. పక్కింటావిడ పెట్టిన వీడియో కూడా చూశాను ఇప్పుడే.”

“మరి బావకి ఎందుకు రాదు?”

“నువ్వే కదరా దానికి విముక్తి కలిగించింది, నువ్వే చెప్పు.”

రెండూ నలభై ఆరు అయింది.

“బావా, ఐపీ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, రూట్ అని కొట్టు. వచ్చింది చదువు.”

వచ్చిన నాలుగు వరుసల్లో మొదటి రెండూ ‘డిఫాల్ట్’ అనే మాటతో మొదలయ్యాయి. చదివాను. ఒకదాని చివర మెట్రిక్ వంద, రెండోదాని చివర మెట్రిక్ ఆరువందలు.

అటువైపు ‘వందా, ఆరువందలా’ అని గొణుగుడు. తర్వాత నవ్వు. బావమరుదులు నవ్వే నవ్వు ఒకటుంటుంది, పెళ్లినాటి నుంచి దాచిపెట్టుకున్నది.

“బావా, నీ కంప్యూటరుకి వైరు కూడా తగిలించి ఉందా?”

నేను బల్ల కిందకి చూశాను. నా భార్య చెప్పింది. “ఉంది. బావగారి వైరు.”

ఇప్పుడు ఆ వైరు గురించి చెప్పక తప్పదు.

మా పక్క ఫ్లాటులో మా అన్నయ్య ఉంటాడు. ముప్పై ఎనిమిదేళ్లు టెలిఫోన్ లైన్‌మన్‌గా చేసి దిగిపోయాడు. దిగిపోయాడన్నది ఆఫీసు కాగితం మీద మాట. ఆయన ఇప్పటికీ వీధిలో నడుస్తూ పైకే చూస్తాడు. మా రెండు ఇళ్లకీ మధ్య ఉన్న గోడకి తనే కన్నం పెట్టి, తన ఇంట్లోని రూటరు నుంచి నా బల్ల దాకా వైరు లాగాడు. జానెడుకొక క్లిప్పు, మూల దగ్గర గుండ్రటి మలుపు. “తీగని ఎప్పుడూ విరిచి తిప్పకూడదురా, లోపల దానికి నొప్పి,” అనేవాడు. మనుషుల విషయంలో ఆయనకి అంత జాగ్రత్త లేదు.

పద్నాలుగు నెలల కిందట నేను కాలేజీలో ఉండగా వచ్చి, నా పుస్తకాల బీరువాని మూడడుగులు పక్కకి జరిపేశాడు. అది వైరుని నొక్కుతోందట. నేను ఇంటికొచ్చి చూసి, తిట్టలేదు. తిడితే సరిపోయేది. నా క్లాసు గొంతుతో, “ఇతరుల జీవితాన్ని సర్దాలనిపించడం వెనక నీలో ఏ భయం ఉందో ఎప్పుడైనా గమనించుకున్నావా అన్నయ్యా?” అన్నాను. ఆయన స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని, “నాకు పాఠం చెప్పకు. ముందు నీ పుస్తకం పూర్తి చెయ్యి,” అని వెళ్లిపోయాడు.

అంతే. మేమిద్దరం మళ్లీ మాట్లాడుకోలేదు. మెట్ల మీద ఎదురైతే ఆయన పైకి చూస్తాడు, నేను కిందికి చూస్తాను. మర్నాడే నేను వేరే కంపెనీ వైఫై పెట్టించుకున్నాను. నా నెట్టు నాది. ఆయన దయ నాకక్కర్లేదు. ఆ పద్నాలుగు నెలలూ ప్రతి ఉదయం కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడు, స్వతంత్రుడినన్న భావం టీతో పాటు వెచ్చగా గొంతులోకి దిగేది.

అయితే వైరుని పీకలేదు. పీకితే తెంచుకున్నవాణ్ణి నేనవుతాను. ఆయన కూడా అటు చివర పీకలేదు. ఎందుకో నాకు స్పష్టంగా తెలుసనుకున్నాను: నేను ముందు పీకాలని. ఇలా ఇద్దరు పెద్దమనుషులం, ఒకళ్లు లాగేస్తే తప్పు రెండోవాళ్లకి అంటదని, ఒక ప్లాస్టిక్ తాడు రెండు చివరలా కాపలా కూర్చున్నాం.

“బావా, విను,” అన్నాడు బావమరిది, నవ్వు ఆపుకుని. “నీకు బయటికి పోవడానికి రెండు దారులున్నాయి. నంబరు తక్కువున్న దారికే కంప్యూటరు మొగ్గు చూపుతుంది. వైరుకి వంద, వైఫైకి ఆరువందలు. అంటే వైరు తగిలించి ఉన్నంతసేపూ ఇది వైఫై మొహం చూడదు.”

“మరి ఇన్నాళ్లూ పనిచేసిందిగా?”

“చేసింది. వైరు మీద.”

“అంటే?”

“అంటే పద్నాలుగు నెలలుగా నువ్వు మీ అన్నయ్యగారి నెట్టే వాడుతున్నావు. నీ వైఫైని అక్క ఫోను తప్ప ఎవరూ వాడలేదు. ఇవాళ ఆయన నెట్టు పోయింది, అంతే.”

నేను నా భార్య వైపు చూశాను. ఆవిడ పెదవులు లోపలికి లాక్కుని కిటికీ వైపు చూస్తోంది. ఎవరికైనా రిపోర్టు బాగా లేనప్పుడు ల్యాబులో ఆవిడ అలాగే నిలబడుతుందని విన్నాను.

“వైరు చచ్చిందని దానికి తెలియదా?” అన్నాను. నా గొంతు నాకే పిల్లాడి గొంతులా వినిపించింది.

“నెట్టుందో లేదో బయటి సర్వర్ని తట్టి చూసుకునే ఏర్పాటు ఒకటుంటుంది బావా. అదుంటే తనే వైఫైకి మారిపోయేది. కానీ మన కంప్యూటరు ఊళ్లోవాళ్ల తలుపులు ఎందుకు తట్టాలి? అందుకని నేనే ఆపేశాను. ప్రైవసీ.”

అవతల చచ్చినా, తీగ బిగుతుగా ఉంటే చాలు, అదే దారి అనుకునే యంత్రం. సైకాలజీ చదివినవాడికి పోలికలు తట్టడమంటే జలుబు చేసినట్టు, ఆపుకోలేం, పక్కవాళ్లకి విసుగు. ఆ పోలికని రుమాల్లో చీదేసి గడియారం చూశాను. రెండూ యాభై రెండు.

“వైరు పీకెయ్యి బావా. ఒక్క సెకను పని.”

“పీకకుండా అవ్వదా?”

“ఎందుకూ?”

“అడిగినదానికి చెప్పరా. టైపు చేసి ఆపొచ్చా లేదా?”

“ఆపొచ్చు. చెంచా చేతిలో ఉండగా క్రేను తెప్పించి అన్నం తినొచ్చు.”

“క్రేనే తెప్పించు.”

అతను ఒక్కో అక్షరం చెప్పాడు. ఎన్, ఎమ్, సీ, ఎల్, ఐ. తర్వాత డివైస్. తర్వాత డిస్‌కనెక్ట్. తర్వాత వైరుకి లైనక్స్ పెట్టుకున్న ముద్దుపేరు: ఈ, ఎన్, పీ, మూడు, ఎస్, సున్నా. ఇలాంటి పేర్లు పెట్టేవాళ్లకి పిల్లలుండకూడదని కోరుకుంటాను. పైన తెర మీద రెండు పేర్లు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. చూసి టైపు చేస్తే తప్పు రాదని కింది పేరు చూసి కొట్టాను.

కింది పేరు వైఫైది.

“ఏమొచ్చింది బావా?”

“విజయవంతంగా తెగిపోయిందట.”

“ఏది?”

చదివాను. అటువైపు నుంచి ఒక నిట్టూర్పు వచ్చింది. అంటే ఇప్పుడు చచ్చిన దారి ఒక్కటే మిగిలింది. మళ్లీ వైఫైని లేపడానికి అదే పొడుగు వాక్యం, డిస్‌కనెక్ట్ బదులు కనెక్ట్. రెండుసార్లు ఖాళీ వదలడం మరిచిపోయాను. యంత్రం ప్రతిసారీ మర్యాదగా, నువ్వన్న వస్తువు ఈ లోకంలో లేదని చెప్పింది. మూడోసారి లేచింది. అప్పటికి మూడూ ఆరు.

“ఇప్పుడు వైరుది ఆపుదాం. మళ్లీ మొదట్నించీ చెప్తా...”

“నువ్వు పెట్టెయ్ తమ్ముడూ,” అని నా భార్య ఫోను కట్టేసింది. బల్ల పక్కకి వచ్చి నిలబడింది. “నేను పీకనా?”

“వద్దు.”

“అయితే మీరు పీకండి.”

“నీకు అర్థం కాదు.”

“నాకు రోజూ అర్థమవుతూనే ఉంది. కూర గిన్నె అటు పట్టుకెళ్లేదీ ఖాళీ గిన్నె ఇటు తెచ్చేదీ నేను. ‘వాడి పుస్తకం అయిందా’ అని ఆయన అడిగితే ‘అవుతోంది’ అనేదీ నేనే. పదకొండేళ్ల చదువు పోతుంది. మూడూ ఏడయింది. పీకండి.”

నేను నలభై రెండు మంది వాయిదాకోరుల్ని ఇంటర్వ్యూ చేశాను. చెయ్యాల్సిన పని ముందు చెయ్యి ఎలా ఆగుతుందో, ఆగినప్పుడు మనసు ఎన్ని గొప్ప కారణాలు తయారుచేస్తుందో అరవై పేజీలు రాశాను. బల్ల కింద మోకాళ్ల మీద, లుంగీలో, ఇస్త్రీ చొక్కాతో, ఆ ప్లగ్గుని రెండు వేళ్లతో పట్టుకున్నప్పుడు ఆ అరవై పేజీల్లో ఒక్క వాక్యం గుర్తు రాలేదు. గుర్తొచ్చిందల్లా, చిన్నప్పుడు అన్నయ్య రెండు అగ్గిపెట్టెలకి దారం కట్టి ఒకటి నా చెవికి పెట్టి, “వినపడుతోందా?” అని అడగడం. వినపడలేదు. వినపడుతోందన్నాను.

పీకాను.

తెల్ల పేజీ నిండిపోయింది. మూడూ తొమ్మిదికి నేను వైవాలో ఉన్నాను. అవతల ఇద్దరు: కమిటీ అధ్యక్షురాలు, కళ్లజోడు కిందికి జారినావిడ. బయటి నుంచి పిలిపించిన పరీక్షకుడు, నా గ్రంథంలో రంగురంగుల కాగితాలు అంటించుకున్నాయన. రంగులు చాలా ఉన్నాయి.

“ఒక్క నిమిషం ఉందనగా వచ్చారు,” అంది అధ్యక్షురాలు. “అంశానికి తగ్గట్టే.”

నవ్వి చూపించాను.

పరిచయం పది నిమిషాలు సాగింది. పరీక్షకుడు ఎర్ర కాగితం దగ్గర పుస్తకం తెరుస్తుండగా మా ఇంటి గంట మోగింది. నా భార్య తలుపు తీసిన చప్పుడు. ఆ తర్వాత, గదిలోకి ముందు ఒక పనిముట్ల సంచీ, దాని వెనక మా అన్నయ్య.

ఆయన నా వైపు చూడలేదు. గోడ మీది వైరుని చూశాడు. కన్నం దగ్గర మొదలుపెట్టి, ఒక్కో క్లిప్పునీ వేలితో తడుముకుంటూ, మూల మలుపు తిరిగి, బల్ల దగ్గరికి వచ్చి, చతికిలబడి కిందకి దూరాడు. కెమెరాలో ఆయన తల నాలుగు సెకన్లపాటు కనిపించింది. పరీక్షకుడు కళ్లెత్తాడు. నేను మైకు ఆపేశాను.

“నా రూటరు మీద నీ వైరు పోర్టు లైటు ఆరిపోయింది,” అన్నాడు బల్ల కింద నుంచి. పద్నాలుగు నెలల తర్వాత మొదటి మాట. ఫిర్యాదు రాసుకునే గొంతు. “రెండున్నర నుంచీ మెయిన్ లైను లైటు ఎర్రగా ఉంది, అది కంపెనీ వాళ్ల తద్దినం, సాయంత్రం వస్తారు. కానీ నీ వైపు లైటు ఎందుకు ఆరాలి? నా లైనుకి ఫాల్టేంటని కింద దాకా వెళ్లి వైర్లు పోయే డక్టు కూడా చూసొచ్చాను. ఓహో. ప్లగ్గు ఊడిందా. క్లిప్పు విరిగిపోయిందిరా దీనికి. జారిందా, పీకావా?”

పరీక్షకుడు అడుగుతున్నాడు: “అయిదో అధ్యాయంలో, వాయిదా వేసేవాడికి తాను ఏ పనిని తప్పించుకుంటున్నాడో తెలుసు అని తీర్మానించారు. గ్రంథం పేరే అది. దీనికి ఆధారం ఏమిటి?”

అన్నయ్యకి జారింది అంటే సరిపోతుంది. విరిగిన క్లిప్పే సాక్ష్యం. సాక్ష్యాన్ని ఆయనే తెచ్చి నా చేతిలో పెట్టాడు కూడా.

“పీకాను,” అన్నాను.

కింద నుంచి ఆయన తల సగం బయటికి వచ్చింది.

“ఇది ఉంటే వైఫై పనిచెయ్యదట అన్నయ్యా. పరీక్ష జరుగుతోంది.”

“నీకు వైఫై ఉందా?”

“నువ్వు బీరువా జరిపిన మర్నాటి నుంచీ.”

“మరి రోజూ లైటు మిణుకుతోందిగా?” అన్నాడు. “రోజూ చూస్తాను. నాకా బటన్ల ఫోను, ఇంటర్నెట్టు నేనేం చేసుకుంటాను? లైటు మిణుకుతోంటే సరేలే, మాటల్లేకపోయినా వాడుకుంటున్నాడు అనుకున్నా.”

“నేను వాడుకోవట్లేదనుకునే వాడుకున్నాను.”

“పుస్తకం రాస్తే లైటు అంత మిణకదురా. రాత్రి పదకొండింటి దాకా ఆగకుండా కొట్టుకునేది. సినిమాలు చూశావు కదూ?”

“హలో,” అన్నాడు పరీక్షకుడు. “ప్రశ్న వినపడిందా?”

మైకు తెరిచాను. ఈ ప్రశ్నకి నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. నలభై రెండు మంది, నాలుగు పట్టికలు, ఒక గ్రాఫు. నోరు తెరిచాక బయటికి వచ్చింది వేరు.

“ఆధారం లేదండి. ఆ తీర్మానం తప్పేమో. వాయిదా వేసేవాడికి తను చెయ్యలేదని తెలియకపోవచ్చు. చేసేశాననే నమ్మకంతో బతుకుతుండవచ్చు. తెంచుకున్నానని గర్వపడుతూ, తెంచుకోనిదాని మీదే రోజూ ఆధారపడుతూ ఉండవచ్చు. నా నలభై రెండు మందినీ నేను ‘ఎందుకు చెయ్యలేదు’ అని అడిగాను. ‘చేశాననుకున్నావా’ అని ఒక్కణ్ణీ అడగలేదు.”

పరీక్షకుడు పెన్సిలు కింద పెట్టాడు. ఇద్దరూ మైకులు ఆపుకుని ఏదో మాట్లాడుకున్నారు. బల్ల కింద కత్తెర చప్పుడు, తర్వాత ప్లగ్గు బిగించే క్రింపింగ్ టూలు కటకటలాడిన చప్పుడు. లైన్‌మన్‌కి ఊడిన ప్లగ్గు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. మళ్లీ తగిలించబోతున్నాడని అర్థమై కాలితో తట్టాను.

“తన్నకు,” అన్నాడు. “అయిపోవచ్చింది.”

అధ్యక్షురాలు కళ్లజోడు పైకి తోసుకుని మైకు తెరిచింది. “మీ గ్రంథాన్నీ, ఇప్పుడిచ్చిన జవాబునీ పరిశీలించాక, కమిటీ ఏకగ్రీవంగా...”

టిక్కుమంది. కొత్త ప్లగ్గు, కొత్త క్లిప్పు.

“వెలిగింది!” అన్నాడు అన్నయ్య.

ఏకగ్రీవంగా నోరు తెరిచి ఆవిడ అలాగే బిగుసుకుపోయింది. పరీక్షకుడి చెయ్యి గాల్లో ఆగింది. నా పదకొండేళ్లు ఆ సగం తెరిచిన నోట్లో ఉన్నాయి.

“అన్నయ్యా, పీకెయ్.”

“ఇప్పుడేగా పెట్టాను!”

“బాగా పెట్టావు. అందుకే చచ్చింది. పీకు అన్నయ్యా, కారణం తర్వాత చెప్తాను.”

కారణం తెలియకుండా ఎవరి లైనునీ తియ్యని మనిషి. ‘హుఁ’ అన్నాడు. తర్వాత, తన చేత్తో బిగించినదాన్ని తన చేత్తోనే లాగిన చిన్న చప్పుడు.

బొమ్మలు కదలడానికి అర నిమిషం పట్టింది. “...అంగీకారమేనా?” అంటోంది అధ్యక్షురాలు.

మామూలుగా అయితే అంగీకారమే అనేవాణ్ణి. క్లాసుల్లో, మీటింగుల్లో, అగ్గిపెట్టెల్లో, వినపడనివాటికి తలూపడంలో నాకున్నంత అనుభవం ఎవరికీ ఉండదు.

“నాకు వినపడలేదండి. మళ్లీ మొదట్నించీ చెప్పండి.”

ఆవిడ విసుక్కుని, మళ్లీ చెప్పింది. డిగ్రీకి సిఫారసు చేస్తున్నారు. కానీ ఒక షరతు. అయిదో అధ్యాయం తీసేసి, ఇవాళ చెప్పిన జవాబుని పట్టుకుని కొత్తగా రాయాలి. “ఎంత గడువు కావాలి? మూడు నెలలా, ఆరు నెలలా?”

ఆరు అనడానికి నోరు తెరిచాను.

“నెల చాలండి!” అంది బల్ల.

అధ్యక్షురాలు తెర దగ్గరికి వంగింది. “ఎవరండీ అక్కడ?”

కుర్చీ కొంచెం వెనక్కి జరిపి, కెమెరాని కిందికి వంచాను. చేతిలో ప్లగ్గు పట్టుకుని, తల మీద నా లుంగీ అంచుతో, ఆయన కళ్లు చికిలించుకుని పైకి చూస్తున్నాడు.

“మా అన్నయ్యండి,” అన్నాను. “నెల చాలు.”